దివ్యాంగులకు తోడుగా పనిచేయాలంటే: చదువు, కొలువు, జీతం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. దివ్యాంగులకు సహాయకులుగా పనిచేయాలంటే ఏం చదవాలి, ఎక్కడ నేర్చుకోవాలి, ఇందులో ఎదుగుదల ఉంటుందా అని అడిగారు. వాటిలో ఏడింటికి జవాబులిస్తున్నాం. పేర్లు వేయవద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరికీ ఊరి పేరే ఇచ్చాం.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ పాసయ్యాను. నీట్‌లో సీటు రాలేదు. మా పిన్ని కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండవు. వాణ్ణి చిన్నప్పటి నుంచి నేనే చూసుకున్నాను కాబట్టి ఈ పనంటే నాకు భయం లేదు. మా ఊళ్లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘డిజేబిలిటీ కేర్ డిప్లొమా, ఏడాది కోర్సు, ప్రభుత్వ గుర్తింపు ఉంది’ అని చెప్పి 35 వేలు కట్టమంటున్నారు. చేరమంటారా? (కావలి)

జవాబు: డబ్బు ఇప్పుడే కట్టొద్దమ్మా. వాళ్లు చెబుతున్న గుర్తింపు ఏమిటో ముందు తేల్చుకోండి. సొసైటీగా రిజిస్టరైన నంబరునో, చిన్న వ్యాపారాల నమోదుకిచ్చే ఉద్యం నంబరునో, ఐఎస్‌ఓ ముద్రనో బోర్డు మీద రాసుకుని దాన్నే ప్రభుత్వ గుర్తింపు అని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ కాగితాలు సంస్థ ఉందని చెబుతాయంతే. అది చెప్పే చదువుకు వాటితో ఏ సంబంధమూ లేదు.

ఈ రంగంలో పనికొచ్చే సర్టిఫికెట్లు రెండు వైపుల నుంచి వస్తాయి. ఒకటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అందరూ ఆర్‌సీఐ అంటారు. 1992 నాటి చట్టం కింద నడుస్తుంది. ప్రత్యేక విద్య టీచర్లు, మాట నేర్పే థెరపిస్టులు, ఊళ్లలో తిరిగి పునరావాసం పని చేసేవాళ్లు దీని కిందికి వస్తారు. ఆర్‌సీఐ ఆమోదించిన కోర్సు పాసైతే కేంద్ర రిజిస్టరులో మీ పేరు ఎక్కి ఒక నంబరు వస్తుంది. దాన్ని సీఆర్‌ఆర్ నంబరు అంటారు. రిజిస్టరులో పేరు లేకుండా పునరావాస నిపుణులమని చెప్పుకుని పనిచేస్తే 13వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రెండోది స్కిల్ ఇండియా వైపు. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఇచ్చే ‘జనరల్ డ్యూటీ అసిస్టెంట్’, ‘హోమ్ హెల్త్ ఎయిడ్’ సర్టిఫికెట్లు ఇక్కడివి. ఆసుపత్రులు, ఇళ్లకు మనుషుల్ని పంపే హోమ్‌కేర్ ఏజెన్సీలు ఎక్కువగా వీటిని అడుగుతాయి. ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ పట్టుకుని ప్రత్యేక పాఠశాలలో టీచరు ఉద్యోగం అడగలేరు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌ను మూడు విషయాలు అడగండి: సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు పేరు, కోర్సు పూర్తి పేరు, ఈ ఏడాది బ్యాచ్‌కి ఆమోదం వచ్చిన ఉత్తరం. ఆర్‌సీఐ వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా ఆమోదం ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. అందులో సంస్థ పేరు కనబడగానే సరేనని వచ్చేయకండి. ఆమోదం ఒక్కో కోర్సుకు, ఫలానా ఏడాది వరకు అని విడివిడిగా ఇస్తారు. వినికిడి లోపం కోర్సుకు అనుమతి ఉన్నచోట మేధో వైకల్యం కోర్సులో చేరితే, రెండేళ్లు చదివాక కూడా రిజిస్టరులో పేరెక్కదు. గడువు తీరిన ఆమోదాన్ని గోడకు తగిలించి అడ్మిషన్లు తీసుకున్నా జరిగేది అదే. నష్టమంతా పిల్లలదే అవుతోంది కాబట్టి ఈ సంగతి ఇంత విడమరిచి రాస్తున్నాం.

ఇక మీ సంగతి. నెల్లూరులోనే కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ పునరావాస కేంద్రం ఉంది. సీఆర్‌సీ అంటారు. సికింద్రాబాదులోని మేధో వైకల్య జాతీయ సంస్థ నీపిడ్ కింద నడుస్తుంది. ముందు అక్కడికి వెళ్లి, ఈ ఏడాది ఏ కోర్సులకు బ్యాచ్‌లు తీస్తున్నారో, సంరక్షకుల శిక్షణ ఎప్పుడు పెడుతున్నారో కనుక్కోండి. మీకు దక్షిణాన మద్రాసు దాటాక ముత్తుకాడులో నీప్‌మెడ్ ఉంది. ఒకరికే ఒకటికి మించి వైకల్యాలు ఉన్నప్పుడు ఏం చేయాలో నేర్పడం దాని ప్రత్యేకత. సెరిబ్రల్ పాల్సీ పిల్లలతో పనిచేయాలనుకునేవాళ్లకు అది మంచి చోటు.

ఆరు నెలల్లో చేతికొచ్చే కోర్సు కావాలంటే ఆర్‌సీఐ వాళ్ల సీబీఐడీ (ఊరివాళ్లతో కలిసి దివ్యాంగులను అందరిలో కలుపుకునే పని) సర్టిఫికెట్ చూడండి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి తయారుచేసి 2021లో మొదలుపెట్టారు. పాసైనవాళ్లను దివ్యాంగ్ మిత్ర అంటారు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే పని ఇది. రెండేళ్లు చదవగలిగితే ప్రత్యేక విద్యలో డి.ఎడ్. చేయండి. ఇంటర్‌లో 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. ప్రాథమిక పాఠశాలల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ తర్వాత 2025లో మన రాష్ట్రం 2,260 ప్రత్యేక విద్య టీచరు పోస్టులు మంజూరు చేసింది. ఆ పోస్టుకు డి.ఎడ్.తో పాటు టెట్, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. మీకు బైపీసీ ఉంది కాబట్టి ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీలకూ అర్హత ఉంది. కాకపోతే సహాయకురాలి సర్టిఫికెట్ ఉంది కదా అని ఆ డిగ్రీల్లో రెండో ఏడాదిలోకి తీసుకోరు. మొదటి ఏడాది నుంచే చదవాలి.

మీకున్న అనుభవం చూస్తే డి.ఎడ్. మేలని మా అభిప్రాయం. అన్నట్టు, మీ తమ్ముడికి నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఉందో లేదో చూడండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తారు. థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి.

ప్రశ్న: ఇళ్లకు వెళ్లి పక్షవాతం వచ్చినవాళ్లను చూసుకుంటున్నాను. ఇప్పుడున్న పెద్దాయన డెబ్బై కిలోలు ఉంటారు, ఎడమవైపు పడిపోయింది. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పటికి నడుం పట్టేస్తోంది. బెల్టు కట్టుకుంటే తగ్గుతుందా? (ఒంగోలు)

జవాబు: మీ నడుముకు బెల్టు కట్టుకున్నంత మాత్రాన తగ్గదమ్మా. పద్ధతి మార్చుకుంటేనే తగ్గుతుంది. బరువును ఒంటికి దూరంగా పట్టుకోవడం, పట్టుకుని నడుం తిప్పడం, ఈ రెండూ కలిస్తే వెన్ను దెబ్బతింటుంది. అసలు ఆయన్ని మీరు ఎత్తకూడదు. ఆయన లేస్తుంటే మీరు ఊతం ఇవ్వాలి.

ముందు మంచం చూడండి. నులక మంచమైతే మధ్యలో కుంగి ఉంటుంది. కుర్చీ సీటు కంటే పల్లంలో నుంచి లేవడం ఆయనకూ కష్టం, మీకూ భారం. కోళ్ల కింద చెక్క దిమ్మెలు కదలకుండా పెట్టి, పైన గట్టి బల్ల, దాని మీద పరుపు వేసి రెండింటి ఎత్తూ సమానం చేయండి. సగం కష్టం ఇక్కడే పోతుంది.

చక్రాల కుర్చీని ఆయనకు బలం ఉన్న వైపు, అంటే కుడివైపున, మంచానికి ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలుగా పెట్టండి. రెండు బ్రేకులూ వేయండి. ఒకటే వేస్తే కుర్చీ గిర్రున తిరుగుతుంది. ముందున్న చిన్న చక్రాలు ముందుకు చూస్తూ ఉండాలి. పాదాలు పెట్టుకునే రేకులు పైకి మడిచేయండి. పిక్కలు గీరుకుపోయేది వాటివల్లే. మంచం వైపున్న చేతి ఊత ఊడదీసే రకమైతే తీసేయండి. ఇప్పుడు చేయబోయేది ఆయనకు చెప్పండి. చెప్పకుండా చేయి వేస్తే ఒళ్లు బిగుసుకుంటుంది, బరువు రెండింతలవుతుంది.

మంచం అంచుకు జరిపి కూర్చోబెట్టాక ఒక నిమిషం ఆగండి. పడుకుని లేచినవాళ్లకు రక్తపోటు పడి కళ్లు తిరుగుతాయి. వెంటనే లేపితే మీ మీదికే ఒరిగిపోతారు. పాదాలు రెండూ నేలకు ఆనాలి, మేజోళ్లు ఉంటే తీసేసి జారని చెప్పులు వేయండి. ఆయన నడుముకు వెడల్పాటి పట్టీ కట్టి, వెనకవైపు దాన్ని పట్టుకోండి. చంకల కింద చేతులు పెట్టి లాగడం మన దగ్గర అందరూ చేసే తప్పు. పడిపోయిన వైపు భుజం కండరాలు పట్టు కోల్పోయి ఉంటాయి. అలా లాగితే కీలు తప్పి, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. మీ మెడ చుట్టూ చేతులు వేయనివ్వకండి. మీ మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, ఆయన ఎడమ మోకాలికి మీ మోకాలు అడ్డం పెట్టండి. ‘ముందుకు వంగండి’ అని చెప్పి, ముక్కు పాదాల వేళ్ల మీదికి వచ్చేదాకా వంగనివ్వండి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి లేపండి. తిరిగేటప్పుడు అడుగులు వేసి తిరగండి, నడుం తిప్పకండి. కుర్చీలో వెనక దాకా జరిపి కూర్చోబెట్టాక లుంగీ మడతలు, జేబులో తాళంచెవులు ఒత్తుకోకుండా చూసుకోండి. పాదాలు రేకుల మీద సర్దండి.

ఒక కాలి మీద కూడా నిలబడలేని మనిషికి ఈ పద్ధతి వాడకూడదు. నున్నటి జారుడు పలక వాడాలి, లేదా ఇద్దరు మనుషులు కావాలి, లేదా రోగిని ఎత్తే యంత్రం తెప్పించుకోవాలి. ఒంటరిగా చేయమని ఇంటివాళ్లు బలవంతం చేస్తే చేయనని చెప్పండి. మీ నడుం పోతే మీకు తిండి పెట్టేవాళ్లు ఉండరు.

ప్రశ్న: చెవిటివాళ్ల సైగల భాష నేర్చుకుంటే ఉద్యోగాలున్నాయా? (కోవూరు)

జవాబు: ఉన్నాయి, నేర్చుకునేవాళ్లే తక్కువ. ఢిల్లీలో 2015లో భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. దుబాసీలుగా తయారయ్యేందుకు రెండేళ్ల డిప్లొమా అక్కడ ఉంది, ఇంటర్ పాసై ఉండాలి. కోర్టులు, కాలేజీలు, ఆసుపత్రుల్లో పని దొరుకుతుంది. వీడియోలు చూసి నేర్చుకోవడం మొదలుపెట్టండి, కానీ వాటితోనే ఆగిపోవద్దు. మీ చుట్టుపక్కల చెవిటివాళ్లతో రోజూ మాట్లాడండి. ముఖంలో భావం పలకనిదే ఆ భాష రాదు, అది మనుషుల దగ్గరే పట్టుబడుతుంది.

ప్రశ్న: ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఆయాగా చేస్తున్నాను. ఎనిమిదో తరగతితో ఆపేశాను, ఇప్పుడు నలభై దాటాయి. పిల్లలు నాకు బాగా అలవాటయ్యారు. ఎప్పటికీ ఆయాగానే ఉండిపోవాల్సిందేనా? (టంగుటూరు)

జవాబు: అక్కర్లేదమ్మా. ముందు పదో తరగతి పూర్తి చేయండి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠంలో, అంటే ఓపెన్ స్కూల్లో, 14 ఏళ్లు నిండిన ఎవరైనా కట్టవచ్చు. నలభై దాటినా అడ్డు లేదు. పది పాసైతే జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ లాంటి శిక్షణలకూ, సంరక్షకుల కోర్సులకూ దారి ఏర్పడుతుంది. ఈలోగా మీరు ఎన్నేళ్లుగా చేస్తున్నారో, ఏ ఏ రకాల వైకల్యాలున్న పిల్లల్ని చూశారో రాసి, మీ కేంద్రంలోని ప్రత్యేక టీచరు చేత, మండల విద్యాధికారి చేత సంతకం పెట్టించుకుని దాచుకోండి. టీచర్లు బదిలీ అయ్యాక ఈ కాగితం పుట్టదు. అందుకే ఏటా ఒకటి తీసుకోవాలి.

ఆయా పని నైపుణ్యం లేని పని అనుకునేవాళ్లకు అన్నం పెట్టే వేళ ఒక్కటి చూపిస్తే చాలు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మళ్లీ మళ్లీ న్యుమోనియా వస్తుంది. ఆ పిల్లల ప్రాణం తీసే కారణాల్లో అదొకటి. నిటారుగా కూర్చోబెట్టాలి. తల వెనక్కి వాలకుండా, గడ్డం కొంచెం కిందికి ఉండేలా చూడాలి. మీరు బిడ్డ కళ్ల ఎత్తులోనే కూర్చోండి. నిలబడి పెడితే బిడ్డ తల పైకెత్తుతుంది. చెంచాలో సగమే తీసుకుని, నాలుక మధ్యలో పెట్టి కొంచెం కిందికి నొక్కి, పెదాలు మూసుకునే దాకా ఆగి చెంచా తీయండి. పై పళ్లకు గీకి తీయకండి. మింగిందని చూసుకున్నాకే రెండో చెంచా. పలచటి నీళ్లకు దగ్గు వచ్చే పిల్లలకు చిక్కటి గంజి, మెత్తగా కలిపిన పప్పన్నం నయం. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. తింటుండగా దగ్గు, కళ్లలో నీళ్లు, గొంతులో గురగుర వస్తే ఆపేసి టీచరుకు చెప్పండి. మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపించాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో చెంచా దూర్చడం మానిపించండి. చెంచా దూరిస్తే పళ్లు విరిగి గొంతులో పడతాయి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తనిది పెట్టి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: క్వారీ ప్రమాదంలో మా అన్నయ్య వెన్నెముక దెబ్బతింది. ఛాతీ కింద నుంచి స్పర్శ లేదు. నేను ఐటీఐ చేశాను, ఇప్పుడు పని మానేసి ఆయన్ని చూసుకుంటున్నాను. దీన్నే వృత్తిగా చేసుకోవచ్చా? మగవాళ్లకు ఇందులో అవకాశం ఉంటుందా? (చీమకుర్తి)

జవాబు: మగ సహాయకుల కోసం వెతికే కుటుంబాలు చాలా ఉన్నాయి తమ్ముడూ. స్నానం, మలమూత్రాల పనుల్లో మగమనిషికి మగమనిషే కావాలనుకుంటారు, అది వాళ్ల హక్కు. వెన్నెముక దెబ్బతిన్న మనిషిని రెండేళ్లు పుండు పడకుండా చూసుకున్నవాడికి ఏ హోమ్‌కేర్ సంస్థలోనైనా విలువ ఉంటుంది. అయితే మీకు తెలిసినదాన్ని సరిచూసుకోవాలి. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. వేలూరు సీఎంసీకి విడిగా పునరావాస కేంద్రమే ఉంది. అన్నయ్యను తీసుకువెళ్లినప్పుడు పక్కన మీరు ఉండి, నర్సులు, థెరపిస్టులు చేసే ప్రతిదీ మీ చేత ఒకసారి చేయించమని అడగండి.

అక్కడికి వెళ్లేలోగా ఈ సంగతులు గుర్తుంచుకోండి. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. కుర్చీలో ఉంటే పావుగంట నుంచి అరగంటకోసారి ముందుకు వంగడమో, పక్కకు ఒరగడమో చేసి ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తీయాలి. పొద్దున, రాత్రి చర్మం చూడాలి: వెన్ను అడుగు, తుంటి ఎముకలు, మడమలు. ఎర్రటి మచ్చ కనబడి, ఒత్తిడి తీశాక అరగంటకు కూడా పోకపోతే అది పుండుకు మొదలు. ఆ భాగం మీద ఇక ఏ బరువూ పడకూడదు. స్పిరిట్, పౌడరు వేసి రుద్దడం వల్ల లోపల చిట్లిన కండ ఇంకా చిట్లుతుంది. మధ్యలో రంధ్రం ఉన్న గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం కూడా మంచిది కాదు. దాని అంచు చుట్టూరా ఒత్తి, మధ్య భాగానికి రక్తం అందనివ్వదు. వేడినీళ్ల సంచి అసలు వద్దు, కాలినా ఆయనకు తెలియదు.

మరొకటి, ఇది తెలియక ప్రాణాలు పోతాయి. దెబ్బ ఛాతీలో ఆరో వెన్నుపూస దగ్గర గానీ, దానికి పైన గానీ తగిలినవాళ్లకు ఒక్కసారిగా పగిలిపోయేంత తలనొప్పి, ముఖం ఎర్రబడడం, దెబ్బకు పైభాగంలో చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతోందని అర్థం. కింద ఎక్కడో ఇబ్బంది ఉంది, ఆ సంగతి మెదడుకు చేరడం లేదు. వెంటనే లేపి నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. బిగుతుగా ఉన్న బట్టలు, బెల్టు వదులు చేయండి. యూరిన్ ట్యూబు మెలిపడిందేమో, సంచి నిండిందేమో చూడండి. ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. అది కాకపోతే మలబద్ధకం, లేదా గోరు చుట్టు, పుండు. నిమిషాల్లో తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లి, వెన్నెముక దెబ్బ సంగతి మొదటే చెప్పండి. ఇలాంటివాళ్ల మామూలు పై రక్తపోటు 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. 140 చూపిస్తే డాక్టరు కూడా పరవాలేదనుకునే ప్రమాదం ఉంది. అన్నయ్య మామూలు బీపీ ఎంతో రాసి జేబులో పెట్టుకోండి.

మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15 వేల రూపాయల పింఛను ఉంది. మామూలు దివ్యాంగుల పింఛను 6 వేలు. అన్నయ్యకు ఏది వస్తోందో సచివాలయంలో అడగండి. వృత్తిలోకి దిగేటప్పుడు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఇంజెక్షన్లు చేయడం, మందు మోతాదు మార్చడం మీ పని కాదు, ఎవరు అడిగినా చేయకండి. ఇంటి మనిషిగా చేసే పనికీ, జీతానికి చేసే పనికీ ఇక్కడే తేడా.

ప్రశ్న: నెల్లూరులో ఒక ఏజెన్సీ ద్వారా 24 గంటల డ్యూటీకి వెళ్తున్నాను. ఇంటివాళ్ల దగ్గర ఎంత తీసుకుంటున్నారో నాకు చెప్పరు. అంట్లు, బట్టలు కూడా నా చేతే చేయిస్తున్నారు. ఏం మాట్లాడుకోవాలి? (నెల్లూరు)

జవాబు: మాట్లాడుకున్నదంతా కాగితం మీద ఉండాలి, ఒక్క పేజీ చాలు. పని గంటలు, పనుల జాబితా, నెల జీతం ఏ తేదీన ఇస్తారు, సెలవులెన్ని, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవన్నీ రాయించుకోండి. దివ్యాంగుడి బట్టలు, పక్కబట్టలు, గిన్నెలు మీ పనిలోకి వస్తాయి. ఇంటిల్లిపాది అంట్లు రావు. 24 గంటల డ్యూటీలో రాత్రి రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిన మనిషి ఉంటే ఒక్కరితో కుదరదు. ఇద్దరు పన్నెండేసి గంటలు చేయాలి. నిద్రలేని మనిషి చేతిలో మందుల పొరపాటు జరిగితే నింద మీ మీదే పడుతుంది.

జీతాన్ని గంటలతో భాగించి చూసుకోండి. 24 గంటల డ్యూటీలో నెలకు 18 వేలంటే ఎక్కువగా వినిపిస్తుంది. ముప్పై రోజులకు 720 గంటలు, అంటే గంటకు 25 రూపాయలు. అదే 12 గంటల డ్యూటీకి 13 వేలు ఇస్తే గంటకు 36 రూపాయలు పడుతుంది, రాత్రి ఇంట్లో పడుకోవచ్చు.

ఏజెన్సీలో పదిమంది గానీ, అంతకు మించి గానీ పనిచేస్తూ, మీ జీతం 21 వేలకు మించకుండా ఉంటే ఈఎస్ఐ కట్టాలి. మీ వాటా 0.75 శాతం, వాళ్ల వాటా 3.25 శాతం. మీ దగ్గర కోసుకుని అక్కడ కట్టనివాళ్లు ఉంటారు. ఈఎస్ఐ నంబరు అడిగి సరిచూసుకోండి. అవేవీ లేకపోతే ఈ-శ్రమ్ కార్డు, ఏడాదికి 20 రూపాయలతో వచ్చే రెండు లక్షల ప్రమాద బీమా అయినా చేయించుకోండి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు వేయించుకోండి: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఇంట్లో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే, ఇళ్లలో పనిచేసే మహిళలు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల లోపు చేయాలి. అలాగే మీరు చూసుకునే మనిషిని ఇంట్లోవాళ్లే కొట్టినా, కట్టేసినా ఆర్డీఓకు తెలియజేసే హక్కు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎవరికైనా ఇచ్చింది. ఆ మనిషి నోరు విప్పి చెప్పలేనప్పుడు మీరే చెప్పాలి.

ప్రశ్న: కేర్‌గివర్ వీసా మీద లండన్ పంపిస్తామని ఒకరు, కువైట్ అని ఒకరు, జపాన్ అని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నమ్మాలి? (ఆత్మకూరు, నెల్లూరు జిల్లా)

జవాబు: లండన్ మాట చెప్పేవాళ్లకు పైసా ఇవ్వకండి. బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం బ్రిటన్ 2025 జూలై 22 నుంచి ఆపేసింది. ఇప్పటికీ ఆ వీసా అమ్ముతున్నారంటే మోసమే.

కువైట్‌కు ఇంటి పనికో, సంరక్షణ పనికో వెళ్లాలంటే, పది పాసవ్వని మహిళకు 30 ఏళ్లు నిండాలి, ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలి. ఇళ్లలో పనికి వెళ్లే మహిళలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రంలో అది ఓమ్‌క్యాప్, విదేశీ కొలువులకు మనుషుల్ని పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ‘విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మారుస్తాం’ అంటే ఒప్పుకోకండి. అలా వెళ్తే అనుమతి, బీమా, ఒప్పందం ఏవీ ఉండవు. పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉంటుంది. లైసెన్సు ఉన్న ఏజెంటు అయినా సేవారుసుము కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లైసెన్సు నంబరును కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో మీరే కొట్టి చూడండి. ఏజెంటు ఫోనులో చూపిస్తే నమ్మకండి.

మూడింటిలో జపాన్ దారి కష్టమైనదే గానీ నిక్కమైనది. 2021 జనవరిలో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. 18 ఏళ్లు నిండి ఉండాలి. సంరక్షణ నైపుణ్య పరీక్ష, సంరక్షణకు సంబంధించిన జపనీస్ పరీక్ష, మామూలు జపనీస్ భాషా పరీక్షల్లో ఎన్4 స్థాయి గానీ, జేఎఫ్‌టీ బేసిక్ అనే పరీక్ష గానీ, మొత్తం మూడు పాసవ్వాలి. ఆ వీసా మీద అయిదేళ్ల దాకా పనిచేయవచ్చు. మూడేళ్లు పనిచేశాక అక్కడి జాతీయ సంరక్షకుల పరీక్ష రాసి పాసైతే ఇంకా ఎక్కువకాలం ఉండవచ్చు. చాలామంది పనిలో కాదు, భాష దగ్గర ఆగిపోతున్నారు. అక్కడి ముసలివాళ్లకు వేరే భాష రాదు. నొప్పి ఎక్కడో, మూత్రం వస్తోందో వాళ్ల భాషలోనే అర్థం చేసుకోవాలి. కాబట్టి ముందు అన్నిటికంటే తేలికైన ఎన్5 స్థాయి పుస్తకం కొని మూడు నెలలు ఇంట్లోనే చదవండి. అది పట్టుబడితే అప్పుడు శిక్షణా కేంద్రానికి ఫీజు కట్టే ఆలోచన చేయండి. శిక్షణ, వీసా, విమానం టికెట్టు అన్నీ కలిపి ఒకే మొత్తం అడిగితే దేనికెంతో విడివిడిగా రసీదు ఇవ్వమనండి. ఇవ్వనన్నచోట చేరవద్దు.